మిద్దె మీది ఊయలకు మళ్లీ రంగు: బ్రష్షా, డబ్బానా, బట్టీనా?

మా తిరుపతి ఇంటి మిద్దె మీద ఒక ఇనుప ఊయల ఉంది. తెచ్చిన కొత్తలో నల్లగా నిగనిగలాడేది. నాలుగో ఎండాకాలానికి పైభాగం వెలిసి బూడిద పూసినట్టయింది, కాళ్ల దగ్గర తుప్పు పొక్కులు లేచాయి. సంక్రాంతికి ఇంటికి రంగులు వేయించినప్పుడు గేటు కోసం తెచ్చిన ఎనామిల్ అర లీటరు మిగిలింది. పారేయడమెందుకని ఊయలకు కూడా రెండు కోటింగులు కొట్టించాం. ఉగాది నాటికి గోరు తగిలితే చాలు, ఉల్లిపొరలా ఊడి చేతికొచ్చేది. చిత్రమేమిటంటే, కింద ఉన్న పాత నలుపు మాత్రం చాలా చోట్ల గట్టిగానే ఉంది.

తప్పు ఎనామిల్‌ది కాదు, రంగు వేసిన అబ్బాయిదీ కాదు. ఊయల మీది పాత నలుపు పౌడర్ కోటింగ్. అది మామూలు రంగు లాంటిది కాదని తెలియక మేం చేసిన పని అది. మామూలు రంగును తడిగా పూస్తాం, ఆరుతుంది. పౌడర్ కోటింగ్‌లో తడే ఉండదు. రంగు పొడికి కరెంటు చార్జి ఎక్కించి గన్‌తో చల్లితే అది ఇనుముకు అంటుకుంటుంది. తర్వాత సామానును 180 నుంచి 200 డిగ్రీల వేడి ఉన్న ఓవెన్‌లో పది, ఇరవై నిమిషాలు ఉంచుతారు. పొడి కరిగి, పరుచుకుని, గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ వేడి చేసినా కరగదు. మందం మామూలుగా 60 నుంచి 80 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. అంత పల్చటి పొరే అయినా పైన గాజులా నున్నగా ఉంటుంది. కొత్త రంగు ఇంకడానికి సందు లేదు, పట్టుకోవడానికి గరుకు లేదు.

అందుకే షాపులో "ఏ రంగు మంచిది?" అని అడగడానికి ముందు, పాత పూత ఇంకా ఇనుమును పట్టుకుని ఉందా లేదా అని ఇంట్లో చూసుకోవాలి. పట్టుకుని ఉంటే దాన్ని గీకి పారేయడం దండగ. అంతకంటే మంచి ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పట్టు పూత, మీకు ఏ డబ్బాలోనూ దొరకదు. వదిలేసి ఉంటే మాత్రం పైన ఎంత ఖరీదైన రంగు వేసినా, కిందిది ఊడుతూ పైదాన్నీ తీసుకుపోతుంది. మిగతా లెక్కలన్నీ నా దృష్టిలో దీని తర్వాతే.

ముందు సామానును చూడండి

అరచేతితో ఒకసారి గట్టిగా రుద్దండి. చేతికి సుద్దపొడిలా రంగు అంటితే పూత ఎండకు పైపైన పాడయిందని అర్థం. ఇది చూడ్డానికి బాధగా ఉంటుంది కానీ పెద్ద జబ్బు కాదు. రుద్ది కడిగితే కింద గట్టి పొర ఉంటుంది. పౌడర్‌లో రకాలున్నాయి: ఎపాక్సీ కలిసినవి ఇంట్లో బాగా ఉంటాయి, ఎండలో పెడితే తొందరగా సుద్దబారతాయి. ఆరుబయటకు పాలిస్టర్ పౌడర్ వాడాలి. మా ఊయలకు ఇంటిలోపలి రకం పౌడరే వేసి ఉంటారని నా అనుమానం.

తర్వాత బ్లేడుతో అంగుళం మేర అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు గీతలు ఇనుము తగిలేదాకా గీయండి. దాని మీద సెల్లో టేపు గట్టిగా అంటించి, ఒక్కసారి లాగండి. చదరాలు అక్కడే ఉంటే పూత గట్టిది. రెండు మూడు చదరాలు టేపుతో వచ్చేస్తే ఆ చుట్టుపక్కల నమ్మకం లేదు. ఈ పరీక్షను ఒకే చోట చేసి ఊరుకోకండి. వెల్డింగు అతుకు దగ్గర ఒకసారి, కాలి చివర ఒకసారి, ఎండ తగిలే పైభాగంలో ఒకసారి చేయండి. వెల్డింగు అతుకుల లోపలి మూలల్లోకి పౌడర్ సరిగ్గా చేరదు. చార్జి ఎక్కిన పొడి దగ్గరున్న అంచులకే అంటుకుని లోపలికి పోదు. తుప్పు మొదలయ్యేదీ అక్కడే.

అయస్కాంతం పెట్టి చూడటం మరిచిపోకండి. అంటుకోకపోతే అది అల్యూమినియం కావచ్చు, దాని దారి వేరు. కిందకొస్తాను.

చివరగా సామానును బోర్లించి కాళ్లు చూడండి. కాలి చివర తొడిగే రబ్బరు బుష్ ఊడిపోయిన గొట్టంలోకి వాననీళ్లు, మిద్దె కడిగిన నీళ్లు చేరి లోపలి నుంచి తినేస్తాయి. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే దిగబడిందంటే అక్కడ రంగు మాట పక్కనపెట్టి వెల్డింగు షాపుకు పోవాలి. 2021 నవంబర్ వరదలో తిరుపతిలో చాలా ఇళ్ల కింది అంతస్తుల్లోకి నీళ్లొచ్చాయి. ఆ నీళ్లలో నిలిచిన మంచాలు ఇంకా మీ ఇంట్లో ఉంటే, పైకి బాగున్నట్టు కనిపించినా కాళ్లను ఇలా పొడిచి చూడండి.

ఇవి కాక ఆలోచించాల్సినవి ఇంకో మూడు. సామాను ఎండా వానల్లో ఉంటుందా, నీడలోనా? దాని నుంచి విడదీయలేని ప్లాస్టిక్, రబ్బరు, అద్దం, అల్లిక వైరు లాంటివి ఉన్నాయా? ఉంటే ఓవెన్‌లోకి పోదు. మూడోది, ఎన్ని సామాన్లు? ఒక్క కుర్చీకి దండగనిపించే పద్ధతి ముప్పై మంచాలకు చవక కావచ్చు.

| పద్ధతి | పాత పూత ఎలా ఉంటే | ఎండా వానలకు | ఖర్చు | మీ ఒళ్లు అలిసేది | రేపు గీత పడితే |
|---|---|---|---|---|---|
| మచ్చల వరకే సరిచేయడం | దాదాపు అంతా గట్టిగా ఉంటే | పాత పూత ఎంతో అంతే | చాలా తక్కువ | ఒక పూట | మళ్లీ మీరే |
| బ్రష్‌తో ఎనామిల్ | గట్టిగా ఉండి వెలిసిపోతే | ఫర్వాలేదు, కొన్నేళ్లకోసారి పని | తక్కువ | రెండు మూడు రోజులు, అందులో సగం రుద్దడమే | సులువు |
| స్ప్రే డబ్బా | గట్టిగా ఉంటే, సామాను చిన్నదైతే | మధ్యస్తం | చిన్నవాటికి తక్కువ, పెద్దవాటికి ఎక్కువ | ఒక రోజు | సులువే, షేడ్ దొరికితే |
| కంప్రెసర్ స్ప్రే, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగు) | గట్టిగా ఉంటే, సామాను ఇంట్లోదైతే | తక్కువ | మధ్యస్తం | మీకు లేదు | సులువు |
| కంప్రెసర్ స్ప్రే, పీయూ (పాలీయూరెథేన్ రంగు) | గట్టిగా ఉంటే | చాలా బాగా | ఎక్కువ | మీకు లేదు | కష్టం |
| మళ్లీ పౌడర్ కోటింగ్ | ఊడుతుంటే, తుప్పు పాకి ఉంటే | పాలిస్టర్ పౌడర్ అయితే బాగా | ఎక్కువ, రవాణా అదనం | మోయడం, విప్పడం | అదే తీరున అతకదు |

పట్టికలో ఖర్చుకు అంకెలు వేయలేదు. రేటు షాపును బట్టి, షేడును బట్టి, మీరు తెచ్చిన సామాను ఎన్ని వంకర్లు తిరిగిందో దాన్ని బట్టి మారుతుంది. కానీ ఎవరు రేటు చెప్పినా దాన్ని తూచుకోవడానికి వైశాల్యం తెలిసి ఉండాలి. లెక్క కష్టం కాదు. అంగుళం గొట్టం చుట్టుకొలత సుమారు 8 సెంటీమీటర్లు, కాబట్టి పన్నెండున్నర మీటర్ల గొట్టం ఒక చదరపు మీటరు, అంటే పదముప్పావు చదరపు అడుగులు. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న బీరువాకు గోడవైపు వదిలేస్తే ముందు, రెండు పక్కలు, పైన కలిపి సుమారు 44 చదరపు అడుగులు. ఎనామిల్ లీటరుకు ఒక కోటింగ్ వంద చదరపు అడుగుల పైచిలుకు వస్తుంది. అంటే బీరువాకు రెండు కోటింగులకు లీటరు చాలు. నాలుగు లీటర్ల డబ్బా కొనమనే పెయింటర్‌ను కారణం అడగండి.

మచ్చల వరకే చేస్తే చాలా?

చాలామంది ఈ ఎంపికను అసలు లెక్కలోకే తీసుకోరు. హాల్లో ఉన్న మంచానికి రెండు చోట్ల పెచ్చు లేచిందని మొత్తం రంగు మార్చాల్సిన పనేమీ లేదు. పెచ్చు అంచులను ఉప్పుకాగితంతో వాలుగా రుద్ది, తుప్పును ఇనుము మెరిసేదాకా తీసి, ఆ మచ్చ మీద మాత్రమే జింక్ ఫాస్ఫేట్ ప్రైమరో రెడ్ ఆక్సైడో పూసి, ఆరాక చిన్న బ్రష్‌తో రంగు అంటించండి. నలుపు, తెలుపు, గోధుమ లాంటి రంగులైతే దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలియదు. మెటాలిక్ షేడు, గరుకు టెక్స్చర్ ఉన్నవాటికి మాత్రం అతుకు కనపడుతూనే ఉంటుంది. అద్దె ఇంట్లో ఉంటూ రెండేళ్లలో ఊరు మారే వాళ్లకు నేను ఇదే చెప్తాను.

బ్రష్‌తో ఎనామిల్: చవక, కానీ చేతులు నొప్పి పుట్టాలి

ఈ పనిలో రంగు వేయడం చిన్న భాగం. మేం మొదటిసారి ఎగ్గొట్టిందంతా దాని ముందరి భాగమే.

ముందు గిన్నెలు కడిగే సబ్బు నీళ్లతో జిడ్డు పోయేలా కడగాలి. బీరువా తలుపు హ్యాండిల్ చుట్టూ చేతి నూనె ఉంటుంది, పూజగది పక్కనున్న సామానుకు దీపం మసి ఉంటుంది, మిద్దె మీది వాటికి దుమ్ము. కిరసనాయిలుతో తుడిచే అలవాటు కొందరికి ఉంది, అది జిడ్డును తీసి తన జిడ్డును వదిలి వెళ్తుంది. మెరుపు కోసం సిలికాన్ పాలిష్ కొట్టిన బీరువా అయితే ఇంకా జాగ్రత్త. సిలికాన్ ఏమాత్రం మిగిలినా కొత్త రంగు అక్కడ చేప కళ్లలా గుండ్రంగా విడిపోతుంది.

ఆ తర్వాత 220 నంబరు వాటర్ పేపర్ అనే ఉప్పుకాగితాన్ని నీళ్లలో తడిపి, మొత్తం రుద్దాలి. ఎంతసేపు అంటే, ఎక్కడా మెరుపు కనపడనంతసేపు. పూత తీసేయడం మన ఉద్దేశం కాదు, నున్నదనాన్ని చంపడమే. అంతా అయ్యాక 320తో ఒకసారి పైపైన. గొట్టాల వంపుల్లో, డిజైన్ మలుపుల్లో కాగితం చిరిగిపోతుంటే గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ వాడండి, బాగా పనిచేస్తుంది. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కొంచెం థిన్నర్ అద్దిన తెల్లగుడ్డతో తుడవండి. ముందు కనపడని మూల ఒకసారి చూసుకోండి. పూత మెత్తబడుతుంటే థిన్నర్ జోలికి పోకుండా నీళ్లతోనే తుడిచి ఆరనివ్వాలి. మా బోరు నీళ్లు ఆరితే తెల్లటి ఉప్పు మచ్చ మిగులుతుంది, అందుకని చివరి తుడుపు తాగే నీళ్లతో చేశాను.

ఇనుము బయటపడిన చోట్ల మాత్రమే ప్రైమర్. మొత్తానికి రెడ్ ఆక్సైడ్ కొట్టమని షాపులో చెప్తే నేను ఒప్పుకోను. అది ఉన్నది ఇనుము కోసం, గట్టి పౌడర్ కోటింగ్ మీద దానికి పనిలేదు. ఎండలో ఉండే సామానుకు ఇంకొంచెం భరోసా కావాలంటే రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్ ఒక పల్చటి కోటింగ్ వేయొచ్చు. అయితే దాన్ని కలిపాక కొన్ని గంటల్లో వాడేయాలి, మిగిలింది డబ్బాలోనే రాయి అవుతుంది.

ఎనామిల్‌లో టర్పెంటైన్ కొద్దిగా కలిపి, రెండు పల్చటి కోటింగులు వేయండి. మధ్యలో ఒక రాత్రి గడవాలి. ఒకేసారి మందంగా పూస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది, మన ఎండకు ఆ తోలు ముడతలు పడుతుంది. తెల్ల ఎనామిల్ వెలుతురు తక్కువున్న గదిలో మెల్లగా పసుపు తిరుగుతుంది. కాబట్టి పడకగది బీరువాకు పాలతెలుపు కావాలనుకునేవాళ్లు మీగడ రంగుకో బూడిద రంగుకో సర్దుకుంటే మంచిది.

స్ప్రే డబ్బా

సైకిలు క్యారియర్, స్టూలు, చెప్పుల స్టాండు, మడత కుర్చీ. అంతవరకు ఇది హాయి. బ్రష్ గీతలు రావు, సన్నటి కమ్మీల చుట్టూ తిరిగి పూయాల్సిన బాధ లేదు. రుద్దుడు మాత్రం ఇక్కడా తప్పదు. డబ్బా మీద నేరుగా కొట్టొచ్చని రాసి ఉన్నా నమ్మకండి. అడుగు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా, మూడు నాలుగు పల్చటి పొరలు వేయాలి. ఒక్క చోట చెయ్యి ఆగితే అక్కడ రంగు కన్నీళ్లలా కారుతుంది. కమ్మీల సామాను మీద సగం రంగు గాలికే పోతుంది కాబట్టి మంచం అంత పెద్దదానికి డబ్బాలు కొంటూ కూర్చుంటే పెయింటర్ కూలి కంటే ఎక్కువవుతుంది.

ఒక హెచ్చరిక. కొన్నాళ్ల కింద ఎనామిల్ వేసిన సామాను మీద స్ప్రే డబ్బా కొడితే అందులోని ఘాటు థిన్నర్ కింది ఎనామిల్‌ను ఉబ్బించి ముడతలు లేపుతుంది. ఎన్‌సీ రంగుతోనూ ఇదే గొడవ. కింద ఏ రంగు ఉందో తెలియకపోతే ఒక మూలలో చిన్న మచ్చ కొట్టి ఒక రోజు ఆగండి.

కంప్రెసర్ ఉన్న పెయింటర్: ఎన్‌సీనా, పీయూనా?

బండ్లకు రంగు వేసేవాళ్లు, ఫర్నిచర్ పాలిష్ చేసేవాళ్లు ఈ పని చేస్తారు. మన దగ్గర చాలామంది ఎన్‌సీ రంగును డ్యూకో అనే పిలుస్తారు. నిమిషాల్లో ఆరుతుంది, రుద్ది పాలిష్ చేస్తే అద్దంలా వస్తుంది, గీత పడితే అక్కడే సరిచేయొచ్చు. బలహీనతలు రెండు. ఎండలో ఎక్కువకాలం నిలవదు. గాలిలో తేమ ఉన్న రోజు కొడితే తెల్లగా మంచు పట్టినట్టవుతుంది. కాబట్టి ఇది ఇంట్లో బీరువాకు సరే, మిద్దె ఊయలకు వద్దు.

పీయూ అంటే రంగు ఒక డబ్బా, హార్డెనర్ ఒక డబ్బా. ఎండకు, గీతలకు, శానిటైజర్ లాంటివాటికి తట్టుకోవడంలో ఇంటి దగ్గర వేయగల రంగుల్లో ఇదే ముందుంటుంది. ఆరుబయట సామానుకు, ఓవెన్‌లో పట్టని వాటికి నేను దీనికే ఓటేస్తాను. కానీ ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే చేసినప్పుడు ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు, ఆస్తమా కూడా రావచ్చు. మూతికి చేతిరుమాలు కట్టుకుంటే ఆగేది కాదు. ఇంట్లో పసిపిల్లలో, ఆయాసం ఉన్న పెద్దవాళ్లో ఉంటే వరండాలో ఈ పని పెట్టుకోకండి, సామానును వాళ్ల షెడ్డుకే పంపించండి.

పెయింటర్‌తో బేరం ఆడేటప్పుడు రుద్దడం ఎంతసేపు చేస్తాడో మాట తీసుకోండి. రేటు తగ్గించమంటే మొదట తగ్గేది అదే.

మళ్లీ పౌడర్ కోటింగ్: బాగా చేస్తే బాగు

టేపు పరీక్షలో ఓడిపోయిన సామానుకు, తుప్పు చాలా చోట్ల పాకినవాటికి ఇదే సరైన దారి. తిరుపతిలో గాజులమండ్యం, రేణిగుంట వైపు వెతకొచ్చు. అంతకంటే సులువు, మీ ఇంటి దగ్గర గ్రిల్స్, గేట్లు చేసే వెల్డింగు అతన్ని అడగడం, వాళ్లు ఎక్కడికి పంపిస్తారో చెప్తారు. చిత్తూరు వాళ్లకు వేలూరు గంట ప్రయాణం, అక్కడ కూడా అడిగి చూడొచ్చు. ఎక్కడికెళ్లినా ఆటో కిరాయి రానూపోనూ లెక్కేసుకోండి. రెండు కుర్చీలకు కిరాయే కోటింగ్ అంత అయితే ఆ పని అర్థం లేనిది.

షాపులో అడగాల్సిన మొదటి మాట: పాత పూతను ఎలా తీస్తారు? కెమికల్‌లో ముంచి తీయొచ్చు, ఇసుక లాంటి గరుకు పొడిని గాలితో కొట్టి తీయొచ్చు, ప్రత్యేకమైన ఓవెన్‌లో కాల్చి తీయొచ్చు. "పాతదాని మీదే కొట్టేస్తాం సార్, తెలియదు" అన్నారంటే జాగ్రత్త. గట్టి పూత మీద రెండో పొర వేయడం కుదిరే పనే, కానీ పాత పొర కరెంటును అడ్డుకుంటుంది కాబట్టి కొత్త పొడి సమంగా పట్టక నారింజ తొక్కలా గుంటలు పడొచ్చు. అసలు మీరు వెళ్లిందే పాతది ఊడిపోతోందని కదా.

రెండోది, కడుగుడు. జిడ్డు తీయడం, తుప్పు తీయడం, ఫాస్ఫేటింగ్ (పూత పట్టేలా ఇనుము మీద పల్చటి ఫాస్ఫేట్ పొర కట్టించడం), మధ్యలో నీళ్లతో కడగడం ఇలా వరుస తొట్లలో ముంచి తీస్తారు, దీన్నే ఏడు తొట్ల పద్ధతి అంటారు. ఫాస్ఫేటింగ్ లేకుండా గుడ్డతో తుడిచి పౌడర్ కొడితే కొత్తలో తేడా ఏమీ కనపడదు. గీత పడ్డ చోట తుప్పు పూత కిందకు ఎంత తొందరగా పాకుతుందో దానిలోనే తేడా తెలుస్తుంది.

మూడోది, ఏ పౌడర్? ఆరుబయటకైతే ప్యూర్ పాలిస్టర్ అని నోరు తెరిచి అడగండి. ఇంట్లోకైతే ఎపాక్సీ పాలిస్టర్ కలిసిన హైబ్రిడ్ చాలు. రంగును ఆర్ఏఎల్ నంబరుతో, అంటే షేడ్ కార్డులో ఒక్కో రంగుకు ఉండే నంబరుతో చెప్పండి: 9005 నలుపు, 7016 ముదురు బూడిద. ఆ రోజు గన్‌లో ఏ రంగు నడుస్తుందో దానికి మీరు సరే అంటే రేటులో బేరానికి వీలుంటుంది, ఒక్క సామాను కోసం గన్ కడిగి రంగు మార్చడం వాళ్లకు ఇబ్బంది. గరుకు టెక్స్చర్ సొట్టలను దాస్తుంది కానీ దుమ్మును కూడా దాచుకుంటుంది, తుడిచే ఓపిక లేనివాళ్లు ఆలోచించుకోండి.

సొట్టలంటే గుర్తొచ్చింది. పెయింటర్ల పుట్టీ ఓవెన్ వేడికి నిలవదు. గుంటలు పూడ్చి నున్నగా చేయాలనుకుంటే మామూలు రంగు దారిలోనే పోవాలి. పాత సామానులో ఎప్పుడో పెట్టిన పుట్టీ దాగి ఉంటే ఆ సంగతి షాపువాళ్లకు ముందే చెప్పండి.

ఇక మీరు ఇంట్లో చేయాల్సింది విప్పడం. బుష్‌లు, చక్రాలు, తాళం, అద్దం, అల్లిన ప్లాస్టిక్ వైరు, ఫోము, స్టిక్కర్లు అన్నీ తీసేయాలి. రెండు వైపులా మూసుకున్న గొట్టాలుంటే కింద చిన్న రంధ్రం వేయించండి. తొట్టిలో ముంచినప్పుడు సందుల్లోంచి లోపలికి దూరిన నీళ్లు ఓవెన్‌లో ఉడికి బయటకు కారితే పూత మీద చారలు పడతాయి. బోల్టు మరలకు టేపు వేయమని చెప్పండి, లేకపోతే తిరిగి బిగించేటప్పుడు నట్టు ఎక్కదు.

ఎవరికి ఏది

*పీజీ హాస్టలో, యాత్రికులకు గదులో నడిపేవాళ్లకు:* ముప్పై మంచాలుంటే పౌడర్ కోటింగే లాభం. ఒకే రంగు, ఒకే ట్రిప్పు, ఒకే రేటు. పిల్లలు ఊళ్లకు పోయే మే నెలలో విప్పి పంపించండి. నల్లుల బెడద ఉన్న మంచాలైతే ఓవెన్ వేడికి గుడ్లతో సహా పోతాయి, ఆ పుణ్యం ఉచితం. ఎనామిల్ అయితే గది నుంచి వాసన పోయేదాకా అద్దెకు ఇవ్వలేరు.

*బీరువా ఉన్నవాళ్లకు:* బీరువాను ఓవెన్‌కు పంపే ముందు రెండుసార్లు ఆలోచించండి. రేకు పల్చన, ఇసుక గట్టిగా కొడితే వంకర పోతుంది. అద్దం, తాళం విప్పి తిరిగి బిగించినప్పుడు తలుపు మునుపటిలా పడుతుందన్న నమ్మకం లేదు. అందుకని బీరువాకు ఎనామిలో, షెడ్డులో వేయించే ఎన్‌సీ, పీయూలో ఏదో ఒకటి చాలు. లోపల అరలకు అసలు రంగు వేయకండి. వారం దాటినా పట్టుచీరలకు వాసన పడుతుంది. అమ్మో, అమ్మమ్మో సారెగా తెచ్చుకున్న పాత బీరువా అయితే దాని మీద ఉన్నది పౌడర్ కోటింగ్ కాకపోవచ్చు, పాతకాలపు ఎనామిల్ కావచ్చు. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లో ఉంది. అంతకు ముందరి రంగును పొడిగా రుద్ది ఆ దుమ్మును ఇంట్లో లేపకండి. తడిపి రుద్దండి, ఆ నీళ్లు తులసికోట వైపు పారనివ్వకండి.

*అల్యూమినియం కుర్చీలు ఉన్నవాళ్లకు:* తుప్పు ఎర్రగా కాక తెల్లటి పొడిలా వస్తుంది. రెడ్ ఆక్సైడ్ ఇక్కడ దండగ. లోహం బయటపడిన చోట ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే ప్రైమర్) కొట్టి, దాని మీద పీయూ వేయించండి. కాళ్లకు మాత్రం ఎప్పుడూ బుష్‌లు ఉండాలి.

*మిద్దె మీద, ఎండలో ఉండేవాటికి:* పూత గట్టిగా ఉంటే ఎనామిలో పీయూనో, ఊడుతుంటే పాలిస్టర్ పౌడర్. మధ్యేమార్గం వెతకకండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

పౌడర్ కోటింగ్ షెడ్డులో జరుగుతుంది కాబట్టి దానికి ఏ కాలమైనా ఒకటే. మిగతావాటికి కాలం చూసుకోవాలి. మన వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, ఆ తర్వాత మంచు. అందరం రంగులు వేయించేది మాత్రం సంక్రాంతికి ముందే! తెల్లవారుజామున ఇనుము మీద మంచు నీళ్లు కళ్లకు కనపడనంత పల్చగా ఉంటాయి, దాని మీద వేసిన రంగు పట్టదు. చలికాలంలో పదింటి తర్వాత మొదలుపెట్టి, మూడింటికి ఆపేయండి. ఏప్రిల్, మేలలో ఈ లెక్క తిరగబడుతుంది: పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకే, అదీ నీడలో. చెయ్యి పెట్టలేనంత కాలిన ఇనుము మీద ఎనామిల్ బ్రష్ కిందే తీగలు సాగుతుంది. పలమనేరు, కుప్పం వాళ్లకు ఎండ కొంచెం దయ చూపిస్తుంది. మాకైతే సంక్రాంతికి, ఉగాదికి మధ్య కాలమే అనువు.

కొండ కింద ఉండేవాళ్లకు కోతుల సంగతి చెప్పక్కర్లేదు. మా రెండో ప్రయత్నంలో మొదటి కోటింగ్ మీద ఒక తల్లి కోతి పిల్లతో సహా ఊగి వెళ్లింది. వేళ్ల ముద్రలు రుద్ది మళ్లీ వేశాను.

ఆ రెండో ప్రయత్నం సంగతి కూడా చెప్తాను. ఊడిన ఎనామిల్‌ను గీకేసి టేపు పరీక్ష చేస్తే చట్రం అంతా గట్టిగానే ఉంది, కాళ్లు మాత్రం చివర్లు తినేసి ఉన్నాయి. వెల్డింగు షాపులో కాళ్లు మూడు అంగుళాల మేర కోయించి కొత్త గొట్టం అతికించాను. అతుకుల దగ్గర ప్రైమర్, మిగతా అంతా 220 కాగితంతో రెండు సాయంత్రాల రుద్దుడు, తర్వాత అదే రకం ఎనామిల్. వారం దాకా ఎవరినీ కూర్చోనివ్వలేదు. రెండు వేసవులు దాటాయి, గోరుతో గీకితే ఇప్పుడు గోరే అరుగుతోంది. గొలుసు కొక్కెం రాసుకునే చోట మాత్రం ఏడాదికోసారి ఇనుము బయటపడుతుంది. డబ్బాలో మిగిలిన రంగును ఈసారి దానికోసమే దాచాను.